ఈ వారం మాట: హెడ్‌వే

జులై 7, సోమవారం

మా కాలేజీ ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ బోర్డు మీద ఈ వారం మాటగా ‘హెడ్‌వే’ రాశాను. కింద తెలుగులో అర్థం: ముందుకు సాగడం, ముఖ్యంగా ఏదో అడ్డుపడుతున్నప్పుడు, మెల్లగా, కష్టపడి సాగడం.

సుప్రియ అక్కడే నిలబడి చదివింది. ఆ పిల్లదీ మా బైరెడ్డిపల్లే కాబట్టి నాతో కాస్త చనువు.

“ప్రోగ్రెస్ అంటే సరిపోతాది కదా మేడమ్? దీనికి ఇంగో మాట యాల?”

“ప్రోగ్రెస్ రోడ్డు బాగున్నా ఉంటుంది. దీనికి ఎదురుగాలి ఉండాలి. ఓడల వాళ్ల మాట ఇది.”

“మనకు సముద్రం యాడుండాది మేడమ్!”

“టమాటా లారీ లోడుతో ఘాటెక్కడం చూశావు కదా. మూలుగుతూ, పొగ కక్కుతూ. వెనకున్న బండ్లవాళ్లందరూ తిట్టుకుంటూ ఉంటారు. అయినా ఎక్కుతుంది. అది.”

“మా నాయన ఆ లారీనే తోల్తాడు మేడమ్. ఇంటికి పోయి సెప్తా, నువ్వు దినామూ చేసేదానికి ఇంగ్లీషులో పేరుండాదని.”

నిజానికి ఆ మాట నాకు పల్లవి ఇచ్చింది. రోజు మార్చి రోజు ఇంటికొచ్చి పురుషోత్తానికి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి. శనివారం చెప్పులు వేసుకుంటూ “మంచి హెడ్‌వే ఉంది మేడమ్” అంది. నా మొగుడు మంచం మీద కూర్చుని గోడ చూస్తున్నాడు. ఆయన కుడికాలు, ఎవరో మరిచిపోయి వెళ్లిన సంచిలా ఆయన పక్కనే ఉంది.

సాయంత్రం నిఘంటువు తీశాను. ఉదాహరణ వాక్యాల్లో ఎక్కువమంది హెడ్‌వే లేనివాళ్లే. చర్చల్లో లేదు, గాలివానలో లేదు, రెండేళ్లయినా లేదు. ‘కొద్దిగా’, ‘ఏమంత’, ‘ఏమీ’, ఈ మాటల పక్కనే దాని కాపురం. ఈ సంగతి బోర్డు మీద రాయలేదు. పిల్లలకెందుకు.

జులై 9, బుధవారం

మెరుగే.

జులై 12, శనివారం

పడ్డాడు.

పడిపోయేంత దూరం కూడా నడవలేదు. హాల్లో మంచం నుంచి వాకిలి దాకా చేతికర్రతో వచ్చాడు. పల్లవి ఒక పక్క, నేను ఒక పక్క. ఈ అద్దె ఇంటి గడప ఇప్పటి ఇళ్ల గడపల్లాంటిది కాదు. పాతకాలపు టేకు దుంగ, జానెడు ఎత్తు. ఎడమకాలు దాటింది. కుడికాలు లేపాడు. లేపాననుకున్నాడు. వేళ్లు గడపకు తగులుకున్నాయి. మా ఇద్దరి చేతుల్లోంచీ జారి వరండాలో బోర్లా పడ్డాడు.

ఎదురింటి చిన్నక్క చేతిలో చాటతోనే పరుగెత్తుకొచ్చింది. “అయ్యో సారూ! ఎంతమందికి బండి నేర్పించిన సారు! ఎట్లయిపోయినాడు సూడు రేవతీ!” ఆమె గొంతుకు వీధిలో మరో రెండు తలుపులు తెరుచుకున్నాయి.

దెబ్బలేమీ లేవు. మోచేయి గీసుకుంది, అంతే. పల్లవి కాలు పట్టి చూసింది.

“వేళ్లు పైకి లేవడం లేదు సార్. అందుకే తగులుకుంటాంది. మడమ పర్వాలేదు. మంచం పట్టుకొని వెనక్కి నడిపిస్తే బాగానే నడిచినారు కదా, అట్లే ఇదీ వస్తాది.”

పల్లవి వెళ్లాక ఆయన నాతో అన్నాడు. మూతి ఇంకా కొంచెం వంకరపోతుంది, మాట మాత్రం స్పష్టం. “మళ్లా నన్ను ఆ వాకిలి దగ్గరికి తీసకపోవద్దు.”

ఏప్రిల్‌లో పక్షవాతం వచ్చినప్పుడు ఆయన కారులోనే ఉన్నాడు. డ్రైవింగ్ స్కూల్ కారు, నేర్పేవాడి సీటు. స్టీరింగ్ దగ్గర ఉన్నది గేర్లు ఇంకా తడబడే పిల్ల. మాట ముద్దయిపోతున్నా ‘క్లచ్... సెకండు... భయపడొద్దు’ అంటూ ఆ పిల్ల చేతే ఆస్పత్రి దాకా తోలించుకున్నాడు. ఆ పిల్ల ఇప్పటికీ కనిపిస్తే ఏడుస్తుంది. అట్లాంటి మనిషి చిన్నక్క చాటను చూసి, లోపలికి తీసుకుపొమ్మని తల దించుకున్నాడు.

గడప దాటితే వీధి. వీధి చివర ఆయన డ్రైవింగ్ స్కూలు. అంతే కదా దూరం.

జులై 13, ఆదివారం

అత్త ఫోన్. మే నెలంతా మా దగ్గరే ఉండి, మనవరాలి కాన్పుకని పుంగనూరులో నా ఆడబిడ్డ ఇంటికి వెళ్లింది.

“నా కొడుకు గడప దాటినాడా మే?”

“ఇంకా లేదత్తా. మెరుగే కానీ.”

“ఈడ ఈ బిడ్డ ఇంగా బోర్లపడలా. ఆడ నా కొడుకు గడప దాటలా. నా పొయ్యి మీద నూనె సట్టి ఎప్పుడెక్కల్ల?”

నిన్న బోర్లా పడ్డ సంగతి చెప్పలేదు. చెబితే ఓళిగలు చేస్తానంటుందేమోనని నాలో నేనే నవ్వుకుని, నవ్వినందుకు సిగ్గుపడ్డాను.

మా అత్త గోవిందమ్మకు ముందుకు సాగడమంటే వంట. బిడ్డ బోర్లపడిన రోజు ఓళిగలు. పాకుతూ గడప దాటిన రోజు వడలు. తొలి అడుగులకు అరిసెలు. చేసి వీధంతా పంచాలి. పుంగనూరులో ఆ వీధివాళ్లు గిన్నెలో ఏం వచ్చిందో చూసి ఆ ఇంటి బిడ్డ ఎంతదాకా వచ్చిందో చెప్పేస్తారు.

ఈ ఇంట్లో ఆ నూనె ఎప్పుడూ కాగలేదు. ఇద్దరమూ బెంగళూరు, తిరుపతి ఆస్పత్రులు తిరిగి తిరిగి, ఒక దశలో తిరగడం మానేశాం. అత్త ఒక్క మాట అనలేదు. అనలేదు గానీ పుంగనూరు నుంచి వచ్చినప్పుడల్లా ఉద్దిపప్పు తెచ్చి డబ్బా నింపిపోయేది. వడలకు మంచి పప్పు, కొత్తది అని. మేం దాంతో దోసెలు పోసుకుని తినేవాళ్లం.

అది ఆమె అడగడమా? అడగకపోవడమా? ఇరవై ఏళ్లయినా తేల్చుకోలేకపోయాను.

జులై 17, గురువారం

ఆస్పత్రిలో చూపించుకునే రోజు. మునిశేఖర్, ఆటో అతనూ చక్రాల కుర్చీని ఆయనతో సహా ఎత్తి గడప దాటించారు. మునిశేఖర్ ఆయన దగ్గరే నేర్చుకుని, ఆయన దగ్గరే పనిచేస్తున్నవాడు. ఇప్పుడు స్కూలు నడుపుతున్నది అతనే. ఎత్తేటప్పుడు పురుషోత్తం కళ్లు మూసుకున్నాడు. ఆటోలో మునిశేఖర్‌తో, “పేరు మార్చుకో అప్పా బోర్డు మీద. నీ పేరే రాయించుకో. ఇంగ నేనెందుకు” అన్నాడు. మునిశేఖర్ నావైపు చూశాడు. నేను మదనపల్లెను మొదటిసారి చూస్తున్నట్టు బయటికి చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం అత్త ఫోన్.

“ఆస్పత్రికి పోయినారంట కదా! అయితే గడప దాటినాడే!”

“ఆ... దాటాడత్తా.”

అటువైపు ముక్కు చీదిన చప్పుడు.

జులై 18, శుక్రవారం

అబద్ధం కాదు. దాటాడు. కింద కుర్చీ ఉంది, అంతే.

జులై 20, ఆదివారం

వాన తుంపర. ఆయన నిద్రపోతున్నాడు. వరండాలో కూర్చుంటే ఎదురుగా టార్పాలిన్ కప్పిన ఆ డ్రైవింగ్ స్కూల్ కారు, దాని కింద సగం కనిపించే ఎర్ర ఎల్ అక్షరం. ఏప్రిల్ నుంచి నేను దాన్ని ముట్టలేదు. అంగళ్లులో ఉన్న మా కాలేజీకి కాలేజీ బస్సులోనే పోతున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే పెట్రోలు అంటాను.

కుప్పం గుర్తొస్తోంది. ఎం.ఏ. రోజులు.

పురుషోత్తం అప్పట్లో పాత జీపు నడిపేవాడు, స్టేషన్ నుంచి యూనివర్సిటీకి. పొద్దున బెంగళూరు రైలు దిగినవాళ్లనీ, హాస్టల్లో కాకుండా ఊళ్లో గదులు తీసుకున్న మాలాంటి ఆడపిల్లలనీ ఎక్కించుకునేవాడు. ఒక్క వాక్యంలో తెలుగు, కన్నడం, తమిళం. “సామీ, స్వల్ప జరగండి, ఇంగ ఒరుత్తరు ఎక్కల్ల!” ఇంకొకరు ఎక్కాలి, కొంచెం జరగండి అనడానికి. ఆ వాక్యం మీద నేను భాషాశాస్త్రం పేపరు రాస్తానని బెదిరించాను. రాయి, నా పేరు మాత్రం పెద్దక్షరాల్లో వెయ్ అన్నాడు. అట్లా మొదలైంది.

జీపు నేర్పమన్నాను. గ్రానైట్ దిమ్మెలు పేర్చిన యార్డు వెనక ఖాళీ నేల. ఎక్కి కూర్చోగానే మొదటి పాఠం రివర్సు.

“ముందుకు పోయేది ఎప్పుడు నేర్పిస్తారు?” అన్నాను. అప్పటికి ఇంకా మీరే.

“ముందుకు పోయేది బండే నేర్పిస్తాది. ఎనక్కు వచ్చేదానికే పక్కన మనిషి కావల్ల.”

దిగి జీపు వెనక్కి పోయి నిలబడ్డాడు. సరిగ్గా వెనక. అద్దంలో ఆయన తల, ఆయన వెనక దిమ్మెలు. అడ్డం లేవమని అరిచాను.

“లేచేది లేదు. నన్ను గుద్దకుండా రా, సాలు. అద్దం సూడొద్దు, నా గొంతు ఇను. రానీ... రానీ... రానీ... ఇంగా ఉండాది... రానీ... హోల్డాన్!”

జీపు వెనక రేకు మీద చేత్తో చరిచాడు. దిగి చూస్తే ఆయనకూ బండికీ మధ్య నోటుబుక్కు పట్టేంత సందు. నవ్వుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. అంతగా నన్నెవరూ ఏనాడూ నమ్మలేదు. ఇంట్లోవాళ్లు నన్ను కుప్పం పంపడమే భయపడుతూ పంపారు.

మదనపల్లెలో స్కూలు పెట్టాక కూడా అదే పద్ధతి. మొదటి రోజే రివర్సు. మిగతా స్కూళ్లవాళ్లు నవ్వారు. రెండో రోజుకే కొందరు మానేశారు. మానకుండా ఉన్నవాళ్లు ఇప్పుడు ఈ ఊరి సందుల్లో ఎంత ఇరుకైనా కారు పెట్టేస్తారు. పెట్టి, అక్కడ ఎవరూ లేకపోయినా అలవాటుగా కిటికీలోంచి వెనక్కి చూస్తారు.

వాన పెద్దదైంది. టార్పాలిన్ మీద నీళ్లు నిలిచాయి. దులపాలి.

జులై 23, బుధవారం

మెరుగే. ఈ మాట ఎన్నిసార్లు రాశానో చూద్దామని పేజీలు వెనక్కి తిప్పాను. తిప్పకుండా ఉండాల్సింది.

జులై 25, శుక్రవారం

ఆయన గడప దాటాలని ఎవరికుంది? ఆయనకా, నాకా? నాకైతే ఎందుకు? ఆయన నడవాలనా, లేక నేను బస్సు దిగి ఇంటికొచ్చేటప్పుడు గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగకుండా లోపలికి రాగలగాలనా? ఆ నిమిషంలో నేనేం చేస్తానో ఎవరికీ తెలియదు. ఏమీ చేయను. గేటు పట్టుకుని నిలబడతాను.

ఇంత చదువుకుని నాకు నా సంగతే రూఢిగా తెలియదు. ప్రతిదానికీ ఒక ‘ఏమో’.

జులై 28, సోమవారం

బోర్డు మార్చలేదు. సుప్రియ ఊరుకుంటుందా?

“మూడు వారాలాయె మేడమ్, అదే మాట.”

“ఇంకా అయిపోలేదు.”

“యాడ అయిపోలేదు మేడమ్? మాకు అర్థమైపోయిందే!”

ఇంటికొస్తే పురుషోత్తమూ అదే అడిగాడు. ఏ వారం ఏ మాట రాశానో అడగడం ఆయనకు ఎప్పటి నుంచో అలవాటు. పక్షవాతం తర్వాత అడగడం ఇదే మొదటిసారి.

“హెడ్‌వే.”

“అంటే?”

చెప్పాను. ఎదురుగాలీ, ఓడా, ఘాటెక్కే లారీ, అన్నీ. విన్నాడు.

“ముందుకే పోవల్లనా దానికి?”

“నిఘంటువులో అట్లే ఉంది.”

“సరే” అని గోడవైపు తిరిగాడు. నిఘంటువు ఊసు లేకుండా చెప్పి ఉండాల్సింది. లేదా ఆ మాటే రాయకుండా ఉండాల్సింది.

ఆగస్టు 3, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టాలి?

పొద్దున తొమ్మిదికల్లా గేటు చప్పుడు. అత్త! చంకలో బట్టల సంచి, చేతిలో గుడ్డతో మూతి కట్టిన స్టీలు గిన్నె. గుండెకు హత్తుకుని పట్టుకుంది. పుంగనూరు బస్సులో వచ్చింది.

“చెప్పి ఉంటే మునిశేఖర్‌ని బస్టాండుకి పంపేదాన్ని కదత్తా!”

“సెప్తే నువ్వు మిక్సీలో రుబ్బి పెట్టేస్తావు. నేను రోట్లో రుబ్బినా. బస్సులో ఒకాయన, గిన్నె కింద పెట్టవ్వా అంటాడు. నా కొడుకు గడప దాటినాడు, కింద పెడతానా అంటి. పాపం, లేచి సీటిచ్చినాడు.”

గిన్నెలో ఉద్దిపిండి. వడలకు.

లోపలికి వచ్చి కొడుకు తల నిమిరింది. నుదుటికి ముద్దు పెట్టుకుంది. తర్వాత వాకిలి పక్కన గోడకానుకుని కూర్చుని చేతులూపింది. “ఏదీ, ఒకసారి దాటు నాయనా. కండ్లారా సూస్తా. సూసి నూనె పెడతా.”

పురుషోత్తం నావైపు చూశాడు. నేను గడపవైపు చూశాను. గడప మీద పసుపు మాసిపోయి ఉంది. పూయాలి అనుకున్నాను, నిజంగా ఆ క్షణంలో అదే అనుకున్నాను.

“దాటినాడని సెప్పింది ఎవురు మా?” అన్నాడు.

“నీ పెండ్లామే.”

నేను నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు. “దాటినాలే. కుర్చీలో. మునిశేఖరూ ఆటోవాడూ ఎత్తినారు.”

అత్త నన్ను చూసింది. కోపం లేదు. ఎంత బడలిక ఉందో ఆ మొహంలో. తర్వాత గిన్నె మూతి గుడ్డ సర్దుకుంటూ, “అట్లయితే దాటింది కుర్చీ. కుర్చీకి పెట్టల్ల వడలు” అంది.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పురుషోత్తానికి మాత్రం కోపమొచ్చింది. ఏప్రిల్ తర్వాత అంత పెద్ద గొంతు వినలేదు. “నేనేమన్నా పసిబిడ్డనా? యాభై ఏండ్లోడికి వడలు పంచుతారా? ఊరంతా నవ్వల్లనా? ఆ పొద్దు చిన్నక్క సాలదా? తీసకపో, ఆ పిండి తీసకపో!”

అత్త లేవలేదు.

“నీకు ఒకసారి పంచినా వడలు. నీకు గుర్తుండదు. గడప దాటి నేరుగా పోయి కోడిని పట్టుకుంటివి.” ఆగింది. “నీ బిడ్డకు పంచల్లని ఇరవై ఏండ్లు పప్పు తెచ్చి డబ్బాలో పోసిపోతి. నేను ఎవురినన్నా ఒక మాటంటినా? అన్లా. ఈ ఇంట్లో ఎవురో ఒకరు గడప దాటితే సాలురా నాకు. యాభై ఏండ్లోడైతే ఏమి.”

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. కుళాయి తిప్పాను. ఇరవై ఏళ్లుగా తేలని ప్రశ్నకు జవాబు దొరికింది. అడగడమే. రోజూ అడగడమే. ఎంత మర్యాదగా అడిగిందో!

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అత్త లోపలికి వచ్చి గిన్నెను పొయ్యికి దూరంగా, కిటికీ పక్కన పెట్టింది.

“నాతో యాల అట్ల సెప్తివి?”

“దాటాడని ఒక్కసారైనా అనాలనిపించింది అత్తా.”

తల ఊపింది. “పిండి మద్యాన్నం దాకా ఉంటాది. తర్వాత పులిసిపోతాది. పులిస్తే దోసెలే. మనకు అలవాటే కదా దోసెలు.”

భోజనాలయ్యాక ఆమె చాప మీద ఒరిగింది. నేను గిన్నెలు తోముతున్నాను. హాల్లోంచి పిలుపు. “రేవతీ.”

వెళ్లేసరికి ఆయన కర్ర పట్టుకుని లేచి నిలబడి ఉన్నాడు, మంచం పక్కన.

“బయటికి పో.”

“ఏమైంది? నేనేమన్నాను?”

“అది కాదు. బయటికి పోయి వరండాలో నిలబడు. వాకిలికి ఎదురుగా.” మెల్లగా, అంగుళం అంగుళంగా, పూర్తిగా తిరిగాడు. ఇప్పుడు వాకిలివైపు ఆయన వీపు. “ముందుకు పోతే ఏళ్లు తగులుకుంటాయి. ఎనక్కు వస్తే మడమే కదా ముందొచ్చేది. మడమ లేస్తాది.”

“పల్లవిని పిలుద్దాం. రేపు—”

“రేపటికి పిండి పులుస్తాది.”

“పడితే?”

“నువ్వు ఎనకాల ఉంటావు కదా.”

వెళ్లి నిలబడ్డాను. వాకిలిలోంచి ఆయన వీపు, చెమటకు అంటుకున్న బనీను, వణుకుతున్న కుడి భుజం. చేతులు చాచాను, పట్టుకోవడానికి. వెనక్కి తిరిగి చూడకుండానే ఆయనకెట్లా తెలిసిందో.

“సేతులు కాదు. గొంతు.”

నాకు గొంతే రాలేదు. క్లాసులో అరవైమందికి వినిపించేలా మాట్లాడే గొంతు. ఒకసారి దగ్గాను.

“రానీ” అన్నాను.

వెనక్కి ఒక్కో అడుగూ వేసుకుంటూ వాకిలి దాకా వచ్చాడు. కర్ర పట్టిన ఎడమ చెయ్యి తలుపు చట్టానికి ఆనింది. ఒక అడుగు.

“రానీ... రానీ... గడప వచ్చింది. ఆగు. ఇప్పుడు కుడికాలు. పైకి... ఇంకా... ఇంకొంచెం ఉంది...”

మడమ గడప దుంగ మీద పడింది. అక్కడే ఆగింది. కాలు మొత్తం వణుకుతోంది, కర్ర కూడా. అత్త ఎప్పుడు లేచిందో, ఆయన ఎదురుగా చాప మీదే నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరూ ముట్టుకోలేదు ఆయన్ని.

“రానీ” అన్నాను మళ్లీ. “నేనున్నా. నన్ను గుద్దకుండా రా, చాలు.”

ఆయన వీపు నవ్వింది. వీపు నవ్వుతుందని నాకిన్నాళ్లూ తెలియదు. మడమ జారి ఇవతల నేలను తాకింది. వేళ్లు గడప మీంచి ఒరుసుకుంటూ వచ్చాయి, తగులుకోలేదు. తర్వాత కర్ర. తర్వాత ఎడమకాలు.

“రానీ... రానీ... రానీ... హోల్డాన్!”

భుజం మీద చరిచాను. ఆయనకూ నాకూ మధ్య నోటుబుక్కు కూడా పట్టదు.

ఎదురింటి వాకిట్లో చిన్నక్క నిలబడి ఉంది. ఎప్పటి నుంచి చూస్తోందో. “ఎనక్కు దాటినాడే సారు!” అని అరిచింది.

లోపలి నుంచి మా అత్త అంతకంటే పెద్దగా అరిచింది. “దాటినాడా లేదా? మొగం యా పక్కుంటే నీకేమి!”

పిండి అప్పటికి కొంచెం పులిసింది. వడలు నూనె ఎక్కువ తాగాయి. అత్త ఒప్పుకోలేదు, ఆ పులుపు వల్లే రుచి అంది. పురుషోత్తాన్ని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. టార్పాలిన్ కప్పిన కారును చాలాసేపు చూశాడు.

“ముందు టైరులో గాలి లేదు సూడు. నువ్వు తోల్లేదా?”

“లేదు.”

“యాల?”

పెట్రోలు అనబోయాను. “భయమేసింది” అన్నాను.

ఆయన వడ తుంచి సగం నా చేతిలో పెట్టాడు.

వీధంతా నేనే పంచాను. చిన్నక్క గిన్నె తీసుకుని లోపలికి తొంగి చూసింది. వడలు! బిడ్డలున్న ఇళ్లలో పంచేవి. ఆమె కళ్లు ఒక్క క్షణం నా నడుము దగ్గర ఆగాయి. నలభై ఆరేళ్ల నా నడుము.

“ఏం విశేషం రేవతీ?”

“మా అత్త కొడుకు గడప దాటినాడు చిన్నక్కా” అన్నాను. నా నోట అచ్చం మా అత్త మాటలా వచ్చింది. చిన్నక్క నవ్వుతుందనుకున్నాను. గిన్నె కింద పెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది.

ఆగస్టు 4, సోమవారం

బోర్డు మార్చలేదు. అర్థంలో ‘ముందుకు’ అన్న మాటను మాత్రం వేలితో తుడిచాను. సుప్రియ చూసి ఏదో అడగబోయింది. గంట కొట్టారు.

తర్వాత అనుమానమొచ్చింది. నిఘంటువును దిద్దడానికి నేనెవరిని? పిల్లలు పరీక్షలో తప్పు రాస్తే? మధ్యాహ్నం వెళ్లి మళ్లీ ‘ముందుకు’ అని రాశాను. కాస్త చిన్న అక్షరాల్లో.

ఆగస్టు 6, బుధవారం

టైర్లకు గాలి పట్టించాను. అంగళ్లుకు కారులో వెళ్లొచ్చాను. పల్లవికి ఆదివారం సంగతి చెబితే మొదట తిట్టింది. తర్వాత ఆయన చేత రెండుసార్లు వెనక్కి దాటించింది. ముందుకు దాటబోతే వేళ్లు తగులుకున్నాయి. పడలేదు.

మునిశేఖర్ వచ్చి స్కూలు బోర్డు మీద పేరు సంగతి అడిగాడు. పురుషోత్తం విననట్టు ఊరుకున్నాడు.

నిన్న పుంగనూరు వెళ్లిపోయిన అత్త సాయంత్రం ఫోన్ చేసింది.

“అడుగులేసినాడా మే? వీధి కొసదాకా పోయినాడా? అరిసెలకు బెల్లం తెచ్చి పెట్టుకోనుండా.”

‘మెరుగే’ అన్న మాట నాలుక మీదికి వచ్చింది. మింగాను.

“లేదత్తా. ఇంకా లేదు.”

ఇంత తేలికని తెలియదు.

“పోనీలే” అంది అత్త. “బెల్లమేమన్నా పులిసేదా.”